మా ఆయన గీసిన సుళ్ళ అక్షరాలు

మా ఆయన గీసిన తెలుగు అక్షరాలను చూసి ఈ చుట్టుపక్కల మురిసిపోని మనిషి లేడు. ఆ అక్షరాల్లో ఏం రాసి ఉందో మాత్రం మా ఆయన చదవలేడు. ఈ సంగతి ఇప్పుడు తెలిసింది ఇద్దరికే, ఆయనకూ నాకూ. ఇది ఎక్కడ అచ్చయినా ఆయన చదివే ప్రమాదం లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. చదివి వినిపించమని నన్నే అడిగితే ఏం చేయాలో ఇంకా ఆలోచించుకోలేదు.

రాబర్ట్‌సన్‌పేటలో, అంటే కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళో, బేకరీకీ సెల్‌ఫోన్ల అంగడికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా పెళ్ళికార్డుల అంగడి. ముందు కౌంటరు. కౌంటరు వెనక మా అత్తమ్మ కుర్చీ. దాని వెనక కాగితం కోసే మిషను. ఆ వెనక గోడకు ఆనుకుని నేనూ, నా కంప్యూటరూ. కిటికీ లేదు. నేను బయటికి రావాలంటే మిషను మీది కాగితాలు సర్దాలి, అత్తమ్మ లేవాలి, కౌంటరు పలక పైకెత్తాలి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమెను మాటిమాటికీ లేపడం ఇష్టంలేక నేను నీళ్ళు తాగడం తగ్గించేశాను. పక్కింటి రొట్టెల వాసనను బట్టి నాకు పొద్దు తెలుస్తుంది. పెళ్ళిళ్ళ కాలంలో అదీ తెలియదు, రంగుల వాసనే మిగులుతుంది.

మామగారి కాలంలో ఇది సీసపు అచ్చుల ప్రెస్సు. ఆయన చిత్తూరు తట్టు నుంచి వచ్చినవాడు, తెలుగు బాగా చదువుకున్నవాడు. గనులు నడుస్తున్న రోజులు కదా, కొడుకును దొరల భాషలో చదివించాలని ఇంగ్లీషు బడిలో వేశాడు. అక్కడ ఇంగ్లీషు, తమిళం చెప్పేవాళ్ళు. కన్నడాన్ని పాసు మార్కుల కోసం మింగి, పరీక్ష కాగానే కక్కేశానని మా ఆయనే చెబుతాడు. బస్సు బోర్డు దాకా చదవగలడు, ఆపైన గుడ్డే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజార్లో తమిళం, సర్కారు ఆఫీసులో కన్నడం, కోపమొస్తే ఇంగ్లీషు. తెలుగు రాయడం, చదవడం ఆయన దారిలోకి ఎప్పుడూ రాలేదు.

ఇక నేను ఈ దారిలోకి ఎలా వచ్చానంటే, ఒక గోడ వల్ల. మాది ఆంధ్ర సరిహద్దుకు ఆ పక్క, పలమనేరు దగ్గర పల్లె. మా తట్టు పెళ్ళి కుదిరితే ఇంటి ముందు గోడకు సున్నం కొట్టి, ఎర్రమన్నుతో ‘శుభ వివాహము’ అని, కింద వధూవరుల పేర్లూ రాస్తారు. మా చిన్నాన్న కూతురి పెళ్ళికి మా ఉమ్మడి ఇంటి గోడ నేను రాశాను. తెలుగు పండిత శిక్షణ పూర్తయిన ఏడు అది, చేయి ఊరికే ఉండేది కాదు. ఆ తరువాత కొద్ది రోజులకే నన్ను చూసుకోవడానికి ఈయన వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడి గోడనే చూస్తున్నాడు.

“ఇది రాసిండేది ఎవురు?” అన్నాడు. పెళ్ళిచూపుల్లో ఆయన అడిగిన మొదటి మాట, చివరి మాట అదే.

“మా పాపేనప్పా,” అన్నాడు మా నాయన.

అంతే, కుదిరిపోయింది. నన్ను చూసి చేసుకున్నావా, గోడను చూసి చేసుకున్నావా అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తాను. నవ్వేసి మిషను దగ్గరికి పోతాడు.

పెళ్ళయిన మొదటి ఏడాది నా చేత పల్చటి కాగితం మీద పట్టె పాళీతో అక్షరాలన్నీ రాయించాడు. గుణింతాలు, వత్తులు, అంకెలు, ఒక్కోటి పది రకాలుగా. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి ఒంపులు దిద్దుతూ కూర్చున్నాడు. లావు గీత ఎక్కడ సన్నబడాలి, సన్న గీత ఎక్కడ మెలి తిరగాలి అని తిండి కూడా మరిచిపోయేవాడు. తలకట్టును కొంచెం పైకి లేపి చివర సుడి పెట్టాడు. వత్తులను జుంకీల్లా వేలాడదీశాడు. మాట చివరి అక్షరానికి ఒక తోక ఇచ్చి పక్క వరస దాకా సాగదీశాడు. అది పూర్తయి, బంగారు రేకుతో మొదటి కార్డు అచ్చు వేసినప్పుడు నా రాతను నేనే గుర్తుపట్టలేదు. నా పల్లెటూరి అక్షరాలు పట్టుచీర కట్టుకుని నిలబడ్డాయి. నిజం చెప్పాలి, ఆ రోజు నాకు గర్వంగానే ఉండింది.

అక్షరాలకు ఆయన పెట్టుకున్న పేర్లు వేరు. ‘ఠ’ అంటే కన్ను, ‘ళ’ అంటే నత్త, ‘ఝ’ అంటే రైలు. “నత్త తోక ఇంకా కొంచెం సాగాల,” అని తనలో తనే అనుకుంటూ పని చేసేవాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం వాటికి సుళ్ళ అక్షరాలని పేరు పెట్టారు. “ఆ సుళ్ళ అచ్చరాలే వేయండప్పా” అని అడిగి మరీ వేయించుకుంటారు. పెళ్ళికే కాదు, గృహప్రవేశానికి, పేరు పెట్టేదానికి, చివరికి చావుకు కూడా. “మా నాయనను పెండ్లికొడుకు మాదిరి సాగనంపినాము, కార్డు కూడా అట్లే ఉండాల” అంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కేజీఎఫ్‌లో ఆంధ్ర నుంచి గని పనికి వచ్చి స్థిరపడిన ఇళ్ళల్లో పిల్లలకు తెలుగు చదవడం రాదు. చాలా ఇళ్ళల్లో పెద్దలకూ రాదు. అయినా పెళ్ళికార్డులో ఒక పేజీ తెలుగులో ఉండి తీరాలి. మొదటి కార్డు తాతల ఊళ్ళోని ఇలవేలుపు ముందర పెడతారు, ఆ దేవతకు ఇంగ్లీషు రాదు కదా. మిగతా పేజీలు మనుషులకు, ఈ పేజీ దేవతకు. కాబట్టి దాన్ని చదివేవాళ్ళు ఉండరు, చూసేవాళ్ళే ఉంటారు. పసుపు పూసి, కళ్ళకద్దుకుని, “ఎంత బాగుండాది!” అనేసి, ముహూర్తం ఎన్నింటికో తెలుసుకోవడానికి ఇంగ్లీషు పేజీ తిప్పుతారు. పైగా మా ఆయన పెట్టిన సుళ్ళ వల్ల, కన్నడం తెలిసినవాళ్ళు కూడా నాలుగు అక్షరాలు పట్టుకుని ఐదోదాని దగ్గర వదిలేస్తారు. ఫోనుకు చూపిస్తే ఫోను కూడా చేతులెత్తేసింది.

ఇంగ్లీషు, కన్నడం, తమిళం పేజీలు చూడటానికి మనుషులు దొరుకుతారు. తెలుగు పేజీ చదవడానికి మామగారు పోయాక ఆ అంగడిలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను జ్వరంతో పడుకుంటే కార్డు ఆగిపోతుంది. మా అమ్మను చూడటానికి పోవాలంటే మూఢం రావాలి. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, నాకు అదే సెలవు. అందరూ మంచి రోజుల కోసం పంచాంగం చూస్తారు, నేను చెడ్డ రోజుల కోసం చూసేదాన్ని.

ఇలా ఉండగా సరిహద్దు దాటగానే ఉన్న ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు కావాలని మా తమ్ముడు కబురు పెట్టాడు. ముళబాగిలు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి చిత్తూరు పోయే బస్సు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ కబురు విన్న రోజు నేను అన్నంలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు. పిల్లలకు పద్యం చెప్పాలని చదువుకున్నదాన్ని. పదేళ్ళకు పైగా ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ తప్ప వేరే తెలుగు నా కంట పడలేదు. వేసవి సెలవుల తరువాత బడి తెరిచే లోపల చేరాలి. నా బతుకులో ఇక అలాంటిది ఇంకోటి రాదని నాకు తెలుసు.

అత్తమ్మను అడిగాను. ఆమె కసురుకోలేదు, అది ఆమె పద్ధతి కాదు.

“పోమ్మా, వద్దంటానా? చదువుకోనుండావు, పోవాల్సిందే. చదివేదానికి ఇంగొకరిని ఆ కుర్చీలో కూసోబెట్టి పో. కార్డులో తప్పు పడితే మీ మామ పేరు పోతాది, అంతే నా భయం.”

ఇంకొకరు ఎవరున్నారు? ఉన్నది ఒక్కడే. గీసినవాడు చదవలేకపోవడం ఏమిటని మా ఆయననే పట్టుకున్నాను.

పొద్దున కాఫీ తాగేటప్పుడు పాఠం మొదలుపెట్టాను. ఒకటో తరగతి వాచకం తెచ్చి ముందర పెడితే ఆయనకు పౌరుషం వచ్చింది. “అమ్మ, ఆవు అని చదివే వయసా నాది? కార్డులు ఇయ్యి, చదవతాను,” అన్నాడు. సరే అని పాత కార్డులు ఇచ్చాను. అక్షరాలన్నీ ఆయన చేతి కింద పుట్టినవే, గుర్తుపట్టడం ఆయనకు లెక్క కాదనుకున్నాను. మొదట తడబడ్డాడు. కొన్నాళ్ళకు వేలు పెట్టి వరస వెంబడి పోతూ “తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించి” అని గడగడా చదివేయడం మొదలుపెట్టాడు. అత్తమ్మ మంచం మీద నుంచి వింటూ, “మీ మామ గొంతే,” అని కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆమెవి కొడుకు కోసం, నావి ముళబాగిలు బస్సు కోసం.

బడివాళ్ళు రమ్మన్న రోజు దగ్గరికి వచ్చింది. కోరమండల్‌లోని ఒక ఇంటి పెళ్ళికార్డు అప్పుడు చేతిలో ఉంది. ఆ పేట గనుల పక్కనే, ఆ ఇల్లు మాకు బాగా తెలుసు. గని కార్మికుల లైన్ ఇంట్లో ఉంటారు, మామగారి కాలం నుంచి మా దగ్గరే వేయించుకుంటారు. కిందటేడు ఆ ఇంటి తాత, అవ్వ కొద్ది రోజుల తేడాతో పోతే, ఇద్దరికీ కలిపి వైకుంఠ సమారాధన చేశారు. ఆ కార్డూ మేమే వేశాము, సుళ్ళ అక్షరాల్లోనే. ఇప్పుడు మనవరాలి పెళ్ళి. తెలుగు పేజీ నేను కూర్చి పెట్టాను. ముహూర్తం గంట మాత్రం అయ్యవారు ఇంకా తేల్చలేదు.

“గంట తెలిసినాక అంకెలు వేసి, ఒకసారి చదివి, అచ్చుకు పంపించు,” అని మా ఆయనకు చెప్పి బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. టమోటా తోటలు, రాగి చేలు, లారీలు, అన్నీ కొత్తగా కనిపించాయి. బడిలో నన్ను ఒక తరగతికి పాఠం చెప్పమన్నారు. పిల్లలు వరసగా లేచి చదివారు. ఒకడు కూడబలుక్కుంటూ, ఒకత్తె పరుగెత్తుతూ, వెనక బెంచీవాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తూ. అన్ని గొంతులు ఒక్కసారి తెలుగు చదువుతుంటే విని ఎన్నేళ్ళయిందో. ఏడుపు వచ్చింది. దగ్గు అని చెప్పి నీళ్ళు అడిగి, ఆ నీళ్ళు మొత్తం తాగాను. “బడి తెరిచిన రోజే వచ్చి చేరండమ్మా,” అన్నారు పెద్ద సారు. ఆ సంతోషంలో మా పల్లెకు పోయి అమ్మ దగ్గర కొన్నాళ్ళు ఉండిపోయాను.

తిరిగి వచ్చేసరికి కోరమండల్ కార్డులు అచ్చయి, ఇచ్చేయడం కూడా అయిపోయింది. మా ఆయన ఒక కార్డు చేతిలో పెట్టి, బడిపిల్లవాడిలా ముందర నిలబడ్డాడు. “నువ్వు లేకున్నా చదివే వేసినాను, చూడు.”

విప్పి చూశాను. పైన వినాయకుడు, బంగారు అంచు. లోపల తెలుగు పేజీలో, మెలికలు తిరిగిన ఎంతో అందమైన అక్షరాల్లో, తాతా అవ్వల వైకుంఠ సమారాధన.

అత్తమ్మ కౌంటరు దగ్గరే ఉంది. కార్డు ఆయన చేతికే తిరిగి ఇచ్చి, “ఒకసారి చదువు, విందాము,” అన్నాను.

ఆయన వేలు పెట్టాడు. ‘వైకుంఠప్రాప్తి నొందినందున’ అన్న మాట మీద వేలు జరుపుతూ, “మా ద్వితీయ పుత్రిక చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి” అని చదివాడు. ‘వారి ఆత్మలకు శాంతి చేకూర్చ ప్రార్థన’ మీద వేలు ఆన్చి, “మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి” అన్నాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. అత్తమ్మ వెనక్కి తిరిగి, “ఎంత సక్కంగా చదవతాడో చూడమ్మా! ఇంగ నీకు దిగులు లేదు,” అంది.

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. పెళ్ళికార్డులన్నిటిలో ఉండేది అవే మాటలు, అదే వరస. ఆయన చదవడం నేర్చుకోలేదు, పెళ్ళికార్డును కంఠస్థం చేశాడు. మోసం చేయాలని కాదు, చదవడమంటే అదే అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోయాక వంటింట్లోకి పిలిచి చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

“ఆ ఇంటి పేరు మీద కంప్యూటర్లో రెండు ఉన్నాయి. పాతది తెరిచావు నువ్వు.”

“రెండు పేర్లు పెద్దగా ఉండాయి కదా, పెండ్లికొడుకూ పెండ్లికూతురూ అనుకున్నాను. పాప పేరు గుర్తుపెట్టుకోనుండాను, అది ఉండాదా లేదా అని చూసినాను. అదే పేరు ఉండాది. అంకెలు ఉన్న చోట గంట వేసినాను.”

ఉంటుంది మరి. మనవరాలికి అవ్వ పేరే పెట్టారు. ఈ తట్టు ఏ ఇంట్లో చూసినా అంతే. ఆయన చూడగలిగినంత చూశాడు పాపం.

“అమ్మకు చెప్పొద్దు,” అన్నాడు. “నీకు దండం పెడతాను. నాయన గొంతు అని ఏడ్చింది ఆ యమ్మ.”

చెప్పనని మాట ఇచ్చాను. కానీ పెళ్ళివారికి చెప్పకుండా ఎలా? పెళ్ళి ఇంకా పది రోజులుంది. చెబితే శుభమా అని పెళ్ళి చేస్తుంటే కార్డులో చావు దూరిందని గుండెలు బాదుకుంటారు, మగపెళ్ళివారికి తెలిస్తే సంబంధమే నిలవకపోవచ్చు. చెప్పకపోతే ఊరి తట్టు చదవడం వచ్చినవాడు ఒక్కడు చాలు, బజారున పడటానికి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయినా చెప్పేయాలనే నిర్ణయించుకుని మరుసటి రోజు కోరమండల్‌కు పోయాను.

లైన్ ఇళ్ళ మధ్య సందులో చలువ పందిరి కోసం అప్పుడే గుంజలు పాతుతున్నారు. పెళ్ళికూతురి తల్లి నన్ను చూడగానే ఎదురొచ్చింది. “రామ్మా రా, కూసో. ఏమి కార్డమ్మా అది! మగపెండ్లోళ్ళు బెంగళూరులో యాడా ఇట్లాంటిది దొరకదు అన్నారంట.” గోడ వైపు చూపించింది. అత్తమామల ఫోటో పక్కనే ఆ కార్డును తెలుగు పేజీ కనిపించేటట్టు అద్దంలో కట్టించి తగిలించింది. దానికీ ఒక పూలదండ వేసింది.

“అక్కా, ఆ కార్డు గురించే ఒక మాట చెప్పాలని వచ్చాను,” అన్నాను.

ఆమె వినిపించుకోలేదు. లోపలికి కేకేసింది. “ఏయ్, అందరూ రండి. చదివే అమ్మ వచ్చింది. ఇంట్లో ఇన్ని కార్డులుండాయి, అందులో ఏమి రాసుండాదో ఒక్కరం కూడా వినలేదు. మా అత్త ఉంటే చదివుండును. నువ్వు చదవమ్మా, వింటాము.”

అందరూ వచ్చి కూర్చున్నారు. పెళ్ళికూతురు పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చుంది. తండ్రి చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడ్డాడు. కార్డు నా చేతిలో పెట్టారు. చూశాను. నోరు తెరిచాను. అక్కడున్నది చదివితే ఏమవుతుందో ఆ పిల్ల ముఖంలోనే కనిపించింది.

“శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు,” అన్నాను.

ఆ తరువాతంతా ధారగా వచ్చింది. వేలు ఒక దానిమీద, నోట్లో ఒకటి. ‘ద్వితీయ పుత్రిక’ అన్నప్పుడు ఆ పిల్ల తల వంచుకుంది. ‘సకుటుంబ సపరివార సమేతముగా’ అన్నప్పుడు తండ్రి చేతులు జోడించాడు. నిన్న మా ఆయన తెలియక చేసినదే ఈరోజు నేను తెలిసి చేశాను. అయ్యాక తల్లి నా గడ్డం పట్టుకుని, “మా అత్తే వచ్చి చదివినట్టుండాది,” అంది. కార్డులో ఉన్నది ఆ అత్త సమారాధనే.

ఊరి తట్టు పంచే కార్డులు ఇంకా పోలేదని అప్పుడే తెలిసింది. ఆదివారం తండ్రి తీసుకుపోతాడట. దేవత ముందర పెట్టేది కూడా ఆ కట్టలోనే ఉంది. “వీటికి బంగారు రేకు సరిగా అంటుకోలేదు, మార్చి ఇస్తాను” అని ఆ కట్ట అడిగి తీసుకున్నాను. గోడ మీదిది కూడా మారుస్తానంటే తల్లి ఒప్పుకోలేదు. “అంత బాగుండాది, దానికేమి వచ్చింది?” అని చేయి అడ్డం పెట్టింది. మా ఆయనా నేనూ సరైన పేజీతో ఆ కట్టవరకు మళ్ళీ అచ్చు వేసి శనివారమే ఇచ్చి వచ్చాము. అత్తమ్మ ఏమిటని అడిగితే అదే బంగారు రేకు అబద్ధం చెప్పాము. చదవగలిగిన వాళ్ళకు పెళ్ళికార్డు పోయింది. చదవలేని వాళ్ళ దగ్గర సమారాధన ఉండిపోయింది. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది, మేమూ పోయి అక్షింతలు వేశాము. ఆ పిల్ల చల్లగా ఉండాలని ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

మిగిలింది నా బడి.

“నువ్వు పో,” అన్నాడు మా ఆయన. “నేను మొదటి నుంచి నేర్చుకుంటాను.” ఈసారి తనే వాచకం తెచ్చుకుని కూర్చున్నాడు. అ, ఆ దాటలేదు. “అన్నీ ఒకే మాదిరి కనిపిస్తా ఉండాయి,” అంటాడు. గీసేటప్పుడు నత్తనూ రైలునూ చీకట్లో కూడా గుర్తుపట్టే మనిషి, చదవాలనేసరికి పుస్తకం మూసేస్తున్నాడు. అంగడిలో కొత్త కార్డు ఏది వచ్చినా అత్తమ్మ చూడకుండా నా దగ్గరికి తెచ్చి, “ఒకసారి చూడు” అని నిలబడతాడు. నేను చదివి సరే అనేదాకా మిషను దగ్గరికి పోడు. సాయంత్రం వచ్చి చూస్తానన్నా, ఫోనులో పంపమన్నా, ప్రతి కార్డూ నా కోసం ఎందుకు ఆగుతోందో అత్తమ్మ పట్టేస్తుంది. ఆ ముఖాన్ని వదిలిపెట్టి బస్సెక్కాలి నేను. ఎంత కోపమొచ్చేదో. ఆయన మీద, అక్షరాల మీద, ఆ గోడ రాసిన నా చేతి మీద కూడా. అరవడానికైనా లేదు. అరిస్తే కౌంటరు దగ్గర వినిపిస్తుంది.

బడి తెరిచే ముందు రోజు పెద్ద సారు ఫోను చేశారు. రాలేనని చెప్పాను. ఎందుకమ్మా అని అడిగారు. ఇంట్లో వీలుకాదన్నాను. అంగడి చిన్నది, మాట దాగదు. ఫోను పెట్టేసరికి అత్తమ్మ కుర్చీలోంచి నా వైపు తిరిగి ఉంది.

“ఏమ్మా, రానని చెప్పినావా? ఏమిటికి? వాడు చదవతాడు కదా ఇంగ!”

మా ఆయన మిషను దగ్గర కాగితం కోస్తున్నాడు. ఆ చేయి ఆగిపోయింది. వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు.

“అంగడి వదిలి పోబుద్ధి కాలేదు అత్తమ్మా,” అన్నాను.

అత్తమ్మ ముఖం విప్పారింది. ఆ రోజు మొదలు, కార్డులు వేయించుకోవడానికి ఎవరొచ్చినా ఆమె ఈ సంగతి చెప్పకుండా పంపదు. నిన్న కూడా ఒక పెళ్ళికూతురి తల్లితో చెబుతోంది.

“మేము పొమ్మనే చెప్పినామమ్మా. ఉద్యోగం ఇంటికాడికి వచ్చింది. నా కొడుక్కి చదివేది కూడా వచ్చేసింది, ఎవురూ ఆపలేదు. ఆ పాపే పోలేదు. ఈ అంగడంటే అంత ప్రాణం దానికి!”

ఆ తల్లి తొంగి చూసి నన్ను మెచ్చుకుంది. తన కూతురికీ అలాంటి బుద్ధే ఉండాలని దీవించమంది. మా ఆయన తల ఎత్తలేదు. నేను ఆమె కార్డు తీసుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను.